సర్వర్ సందేహాలు: డిస్కు మారింది, డేటా కనబడదేం?

సర్వర్లలో వాడే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సెంటోస్ 7కు 2024 జూన్ 30తో కాలం చెల్లింది. పాత సర్వర్లోంచి డిస్కులు పీకి, వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న కొత్త సర్వర్లో బిగించి, ఆ తర్వాత మాకు ఉత్తరం రాసేవాళ్లు అప్పటినుంచీ తగ్గలేదు. పీకక ముందే రాస్తే జవాబు సగం పొడవుంటుంది. ఈసారి బెంగళూరు నుంచి వచ్చినవే ఎక్కువ తీసుకున్నాం. కమాండ్లను పలికే తీరులో తెలుగులో ఇచ్చాం, టైపు చేసేటప్పుడు మామూలు ఇంగ్లీషు స్పెల్లింగే.

ప్రశ్న: మాది పీణ్యలో మెషిన్ షాపు. పాత సర్వర్ సెంటోస్ 7. డ్రాయింగులు, బిల్లింగ్ డేటాబేస్ ఉన్న రెండు 4 టీబీ డిస్కులు ఎల్‌వీఎం (డిస్కులను గ్రూపుగా కలిపి వాల్యూములుగా పంచే లినక్స్ వ్యవస్థ) మీద ఉండేవి. వాటిని రాకీ లినక్స్ 9 వేసిన కొత్త సర్వర్లో పెట్టాం. ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ కొడితే డిస్కులు కనబడుతున్నాయి. ఎల్‌వీఎం డిస్కులను చూపే ‘పీవీఎస్’ కొడితే కొత్త సర్వర్ సొంత డిస్కు తప్ప ఏమీ రావడం లేదు. డేటా పోయిందా?
– ఒక పాఠకుడు, పీణ్య

జవాబు: పోలేదండీ. ‘పీవీక్రియేట్’, ‘ఎంకేఎఫ్‌ఎస్’ మాత్రం ముట్టుకోకండి. ఆ రెండూ కొత్త డిస్కును మొదలుపెట్టే కమాండ్లు, పాతదాన్ని వెతికిపెట్టేవి కావు.

రాకీ 9 కూడా ఉన్న రెడ్ హ్యాట్ 9 కుటుంబంలో ఎల్‌వీఎం అన్ని డిస్కులనూ వెతకదు. ‘ఈటీసీ’ కింద ‘ఎల్‌వీఎం’, దాని కింద ‘డివైసెస్’ ఫోల్డర్లో ‘సిస్టమ్ డాట్ డివైసెస్’ అని ఒక ఫైలుంటుంది. అందులో పేరున్న డిస్కునే చూస్తుంది. ఇన్‌స్టాల్ చేసిన రోజున ఉన్న డిస్కులే ఆ జాబితాలో ఉంటాయి, మీరు తర్వాత పెట్టినవి ఉండవు. ‘వీజీఇంపోర్ట్‌డివైసెస్ -ఏ’ కొట్టండి. కనబడే వాల్యూమ్ గ్రూపులన్నీ జాబితాలో చేరతాయి. ఒక్క డిస్కునే చేర్చాలంటే ‘ఎల్‌వీఎండివైసెస్ --యాడ్‌డెవ్’ పక్కన డిస్కు పేరివ్వాలి. ఆ తర్వాత ‘వీజీచేంజ్ -ఏవై’ కొడితే వాల్యూములు లేస్తాయి.

పాత సర్వర్ ఇంకా నడిచే స్థితిలో ఉంటే వరస ఇలా ఉండాల్సింది: సర్వీసులు ఆపడం, అన్‌మౌంట్, ‘వీజీచేంజ్ -ఏఎన్’, ‘వీజీఎక్స్‌పోర్ట్’, ఆ తర్వాతే పవర్ ఆపడం. అలా పంపిన గ్రూపును కొత్త సర్వర్లో ముందు ‘వీజీఇంపోర్ట్’ చేయాలి. రెండు సర్వర్లలోనూ గ్రూపు పేరు ఒకటే అయితే పేరుతో పిలిస్తే ఎల్‌వీఎంకు ఏది ఏదో తెలియదు. గ్రూపుకు ఉండే ప్రత్యేక గుర్తింపు, యూయూఐడీ ఇచ్చి ‘వీజీరీనేమ్’ చేయండి.

మొదటిసారి మౌంట్ చేసేది రీడ్ ఓన్లీగానే. ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి) ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే, తర్వాత ‘ఎక్స్‌ఎఫ్‌ఎస్_ఇన్ఫో’లో ‘సీఆర్‌సీ’ విలువ చూడండి. 1 ఉంటే నిశ్చింత. 0 ఉంటే అది పాత నాలుగో వెర్షన్ ఎక్స్‌ఎఫ్‌ఎస్. ఇప్పటికి రాకీ 9లో తెరుచుకున్నా, లినక్స్ కెర్నల్ 2030లో దాన్ని పూర్తిగా తీసేయబోతోంది. అలాంటి వాల్యూమ్‌ను మోసుకు తిరగడం కంటే కొత్తది చేసి ఫైళ్లు కాపీ చేసుకోవడం మేలు. ఇంకో సంగతి: పాతది కొత్తదాంట్లో తెరుచుకుంటుంది గానీ కొత్తది పాతదాంట్లో తెరుచుకోవాలని లేదు. రాకీ 9లో మామూలుగా ఫార్మాట్ చేసిన ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లో ‘బిగ్‌టైమ్’, ‘ఐనోబీటీకౌంట్’ అనే రెండు సదుపాయాలు ఆన్ అయి ఉంటాయి. రాకీ 8లో ఉండే కెర్నల్ దాన్ని మౌంట్ చేయదు. వెనక్కి వెళ్లే దారి కావాలనుకుంటే ఫార్మాట్ చేసేటప్పుడే ఆ రెండింటినీ 0గా పెట్టాలి.

మౌంట్ అయ్యాక బిల్లింగ్ డేటాబేస్ లేవకపోతే డిస్కును అనుమానించకండి. ముందు ఎస్‌ఈలినక్స్ (ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలును ముట్టుకోవచ్చో చూసే కాపలా) లేబుళ్లు: ‘రీస్టోర్‌కాన్ -ఆర్‌వీ’. ఫోల్డర్ మామూలు చోట కాకుండా వేరేచోట ఉంటే దానికి ఏ లేబుల్ కావాలో ‘సెమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్’తో ముందు చెప్పి, ఆ తర్వాత రీస్టోర్‌కాన్. మీది పోస్ట్‌గ్రెస్ అయితే మాత్రం అసలు చిక్కు ఇక్కడుంది. సెంటోస్ 7తో వచ్చింది 9.2. వేరే మేజర్ వెర్షన్ ఆ ఫోల్డర్‌ను తెరవదు. ఒకే వెర్షన్‌ను రెండుచోట్లా వేసుకుని తెరిచినా, అడుగున ఉన్న జీలిబ్‌సీ (ప్రోగ్రాములు వాడుకునే మూల లైబ్రరీ) మారింది. పాతది 2.17, కొత్తది 2.34. మధ్యలో 2.28 దగ్గర అక్షరక్రమం లెక్క మారిపోయింది. టెక్స్ట్ కాలమ్ మీద ఉన్న ఇండెక్సులు పాత క్రమంలో పేర్చి ఉంటాయి, కొత్త లైబ్రరీ కొత్త క్రమంలో వెతుకుతుంది. ఎర్రర్ రాదు. ఉన్న కస్టమర్ దొరకడు, అంతే. యూనిక్ ఇండెక్సులోకి అదే పేరు రెండోసారి ఎక్కేస్తుంది. సర్వర్ వాడకంలోకి రాకముందే ‘రీఇండెక్స్ డేటాబేస్’ నడపాలి. డంప్ (డేటాబేస్‌ను ఫైలుగా బయటికి రాసిన కాపీ) తీసి రీస్టోర్ చేస్తే వెర్షన్ గొడవా, ఇండెక్సుల గొడవా రెండూ ఉండవు. మీ పాత సర్వర్ ఇంకా బూట్ అవుతుంటే డిస్కులు వెనక్కి పెట్టి డంప్ తీయమనే మా సలహా.

ప్రశ్న: ఫ్రీబీఎస్‌డీ 14లో చేసిన జెడ్‌ఎఫ్‌ఎస్ పూల్‌ని (ఒకే నిల్వగా కలిపిన డిస్కుల గుంపును) ఉబుంటు 22.04కు మార్చాలి. ఇంపోర్ట్ చేస్తుంటే, ఈ సిస్టమ్‌కు తెలియని ఫీచర్లు ఉన్నాయంటోంది. రెండూ ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్సే కదా?
– హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పాఠకురాలు

జవాబు: పేరు ఒకటే, వెర్షన్లు వేరు. ఫ్రీబీఎస్‌డీ 14లో ఉన్నది 2.2, ఉబుంటు 22.04లో ఉన్నది 2.1. పూల్ పుట్టినప్పుడే కొన్ని కొత్త ఫీచర్లు వాడకంలోకి వచ్చేశాయి. వాటిలో కొన్ని రాయనివ్వకపోయినా చదవనిస్తాయి, కొన్ని చదవనివ్వవు కూడా. ఉబుంటును 24.04కు మార్చండి. అందులో 2.2 ఉంది, పూల్ నేరుగా ఇంపోర్ట్ అవుతుంది. అది కుదరకపోతే 22.04లో వేరే డిస్కుల మీద కొత్త పూల్ చేసి, ఫ్రీబీఎస్‌డీ నుంచి ‘జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్’, ఇవతల ‘జెడ్‌ఎఫ్‌ఎస్ రిసీవ్’. ఒకసారి ఆన్ అయి వాడకంలో ఉన్న ఫీచర్‌ను తీసేసి పూల్‌ను వెనక్కి తీసుకెళ్లే కమాండ్ లేదు.

మార్చే తీరు: ఫ్రీబీఎస్‌డీలో ‘జెడ్‌పూల్ ఎక్స్‌పోర్ట్’. ఇది మరిచిపోతే ఉబుంటు ఈ పూల్ వేరే సిస్టమ్ వాడుతోందని అడ్డుపడుతుంది, ‘-ఎఫ్’ పెడితేగానీ కదలదు. పాత సర్వర్ ఆగిపోయిందని కళ్లతో చూశాకే ‘-ఎఫ్’ పెట్టండి. ఒకే పూల్‌ని రెండు సర్వర్లు రాస్తే బాగుచేసే మార్గం ఉండదు. ఇంపోర్ట్‌కు ‘-డీ’తో ‘డెవ్’ కింది ‘డిస్క్’, ‘బై ఐడీ’ ఫోల్డర్ చూపించండి. లేకపోతే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు పూల్‌లో స్థిరపడి, తర్వాత డిస్కుల చోటు మారినప్పుడు జాబితాలో ఏది ఏ డిస్కో పోల్చుకోవడం కష్టమవుతుంది. ‘-ఆర్’తో, పెద్దక్షరం, ‘ఎంఎన్‌టీ’ లాంటి వేరే చోటు ఇవ్వడం అంతకన్నా ముఖ్యం. ఫ్రీబీఎస్‌డీ బూట్ పూల్ అయితే అందులో ‘టెంప్’, ‘వార్ లాగ్’ లాంటి మౌంట్ పాయింట్లు ఉంటాయి. ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ 2.0 నుంచి ఖాళీగా లేని ఫోల్డర్ల మీద కూడా మౌంట్ అవుతుంది కాబట్టి, అవి ఉబుంటు సొంత ఫోల్డర్ల మీద కప్పేసుకుంటాయి.

ఇంపోర్ట్ అయిన వెంటనే ‘జెడ్‌పూల్ స్టేటస్’ మిమ్మల్ని అప్‌గ్రేడ్ చేసుకోమని ఊరిస్తుంది. చేయకండి, కనీసం వెనక్కి వెళ్లే అవసరం పూర్తిగా తీరేదాకా. ముందు ముందు రెండువైపులా తిరగాల్సిన పూల్ అయితే, సృష్టించేటప్పుడే ‘కంపాటిబిలిటీ’ ప్రాపర్టీ పెట్టుకోండి. 2.1 నుంచి ఉంది.

లోపలి హక్కుల సంగతి వేరే చూసుకోవాలి. ఫ్రీబీఎస్‌డీలో వెబ్ సర్వర్ యూజర్ నంబరు 80, ఉబుంటులో 33. ఫైళ్లు మాత్రం 80వ నంబరు పేరు మీదే ఉంటాయి, ‘చోన్’తో యజమానిని మార్చుకోవాలి. ఎన్‌ఎఫ్‌ఎస్ తరహా ఏసీఎల్‌లు (ఎవరికి ఏ హక్కో చెప్పే జాబితాలు) ఇచ్చి ఉంటే లినక్స్‌లో అవి పనిచేయవు. ‘ఏసీఎల్‌టైప్’ను పోసిక్స్‌గా మార్చి హక్కులు మళ్లీ ఇవ్వాలి. డిస్కులు ఫ్రీబీఎస్‌డీ సొంత పద్ధతి జీఈఎల్ఐతో ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే లినక్స్ వాటిని తెరవలేదు. అప్పుడు సెండ్, రిసీవ్ ఒక్కటే దారి. ఒరాకిల్ సొలారిస్ 11లో మామూలుగా చేసిన పూల్ గురించి కూడా ఇద్దరు అడిగారు. వెర్షన్ 28 దాటిన సొలారిస్ పూల్‌ని ఓపెన్‌జెడ్‌ఎఫ్‌ఎస్ ఇంపోర్ట్ చేయదు. ఫైళ్లు కాపీ చేసుకోవాల్సిందే.

ప్రశ్న: స్పార్క్ ప్రాసెసర్ ఉన్న సొలారిస్ సర్వర్ మీద వెరిటాస్ (డిస్కులను వాల్యూములుగా నడిపే సాఫ్ట్‌వేర్) వాల్యూములు ఉన్నాయి. శాన్ స్టోరేజ్ (నెట్‌వర్క్ మీద సర్వర్లకు డిస్కులిచ్చే పెట్టె) అలాగే ఉంచి, అది ఇచ్చే డిస్కులను, అంటే ఎల్‌యూఎన్‌లను ఇంటెల్ లినక్స్ సర్వర్‌కు తిప్పితే చాలంటున్నారు. లోపల ఒరాకిల్ డేటాబేస్ ఉంది. నిజంగా చాలా?
– ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: వాల్యూమ్ వరకు నిజమే. డేటాబేస్‌కు చాలదు.

స్పార్క్ నాలుగు బైట్ల అంకెను పెద్ద కొస ముందు పెట్టి రాస్తుంది, ఇంటెల్ చిన్న కొస ముందు పెడుతుంది. స్పార్క్ 1 అని రాసిన నాలుగు బైట్లను ఇంటెల్ తన పద్ధతిలో చదివితే 1,67,77,216 అవుతుంది. ఈ తేడా వాల్యూమ్ మేనేజర్‌లో, ఫైల్ సిస్టమ్‌లో, డేటాబేస్‌లో మూడుచోట్లా విడివిడిగా తగులుతుంది. మూడింటికీ మందు వేరు.

‘వీఎక్స్‌డిస్క్ లిస్ట్’లో టైపు ‘ఆటో సీడీఎస్‌డిస్క్’ అని ఉంటే వాల్యూమ్ మేనేజర్ పొర సిద్ధంగా ఉన్నట్టే. ఈ సీడీఎస్ పద్ధతిని సొలారిస్, ఏఐఎక్స్, హెచ్‌పీ యూఎక్స్, లినక్స్ నాలుగూ చదువుతాయి. ‘ఆటో స్లైస్డ్’ అని ఉంటే ‘వీఎక్స్‌సీడీఎస్‌కన్వర్ట్’ నడపాలి. దానికి ముందు బ్యాకప్ ఉండి తీరాలి, స్నాప్‌షాట్‌ను బ్యాకప్ కింద లెక్కవేయకండి. ఫైల్ సిస్టమ్ వెరిటాస్ సొంత వీఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే అన్‌మౌంట్ చేసి ‘ఎఫ్‌ఎస్‌సీడీఎస్‌కన్వ్’తో బైట్ల వరస మార్చాలి. అది ఒక రికవరీ ఫైలు అడుగుతుంది. మధ్యలో కరెంటు పోతే ఆ ఫైలే దిక్కు, కాబట్టి దాన్ని మారుస్తున్న వాల్యూమ్ మీద కాకుండా వేరేచోట పెట్టండి. ఆ తర్వాత ‘వీఎక్స్‌డీజీ డిపోర్ట్’, శాన్‌లో మ్యాపింగ్ స్పార్క్ నుంచి తీసేయడం, లినక్స్‌కు ఇవ్వడం, అక్కడ ‘వీఎక్స్‌డీసీటీఎల్ ఎనేబుల్’, ‘వీఎక్స్‌డీజీ ఇంపోర్ట్’, వాల్యూములు స్టార్ట్ చేయడం, మౌంట్. డిపోర్ట్ చేయకుండానే పాత సర్వర్ చనిపోతే గ్రూపు మీద దాని తాళం మిగిలిపోతుంది, ఇంపోర్ట్‌కు ‘-సీ’, పెద్దక్షరం, జోడించాలి. మ్యాపింగ్ రెండువైపులా ఉంచి, కాసేపే కదా అనుకోకండి. అదే కాసేపట్లో ఎవరో ఒకరు పాత సర్వర్‌ను రీబూట్ చేస్తారు.

ఇక ఒరాకిల్. పై రెండు కన్వర్టర్లూ ఫైళ్ల లోపలికి తొంగిచూడవు. ఫొటోలు, పీడీఎఫ్‌లు, టెక్స్ట్ ఫైళ్లు అలాగే తెరుచుకుంటాయి, ఎందుకంటే వాటి బైట్ల వరస ఆ ఫార్మాట్‌లోనే నిర్ణయమై ఉంటుంది. డేటాఫైళ్లు మాత్రం స్పార్క్ వరసలోనే ఉండిపోతాయి. ‘వీ డాలర్ ట్రాన్స్‌పోర్టబుల్ ప్లాట్‌ఫామ్’ అనే వ్యూలో మీ రెండు ప్లాట్‌ఫాముల ఎండియన్ (బైట్ల వరస) కాలమ్ చూడండి, ఒకటి బిగ్, ఒకటి లిటిల్ అని ఉంటుంది. అలాంటప్పుడు యూజర్ టేబుల్‌స్పేసులను (డేటాఫైళ్ల గుంపులను) రీడ్ ఓన్లీ చేసి, ఒరాకిల్ బ్యాకప్ సాధనం ఆర్‌మ్యాన్‌లో ‘కన్వర్ట్’ నడిపి, లినక్స్‌లో కొత్తగా చేసిన డేటాబేస్‌లో చేర్చాలి. సిస్టమ్ టేబుల్‌స్పేస్ ఇలా రాదు. డేటాఫైళ్లు ఎలాగూ కన్వర్ట్ చేసి తిరిగి రాయాల్సిందే కాబట్టి, ఆ వాల్యూములో డేటాబేస్ తప్ప వేరే ఫైళ్లు లేకపోతే మొదటి రెండు పొరలతో పనే లేదు. లినక్స్‌లో తాజా వాల్యూములు చేసుకుని ఆర్‌మ్యాన్ ఫలితాన్ని నేరుగా అక్కడికే పంపండి.

ప్రశ్న: మా తెలుగు సంఘంలో స్కాన్ చేసిన పాత పుస్తకాలు, పాటల రికార్డింగులు విండోస్ 10 కంప్యూటర్లో 6 టీబీ డిస్కు మీద ఉన్నాయి. ఫైళ్ల పేర్లన్నీ తెలుగులోనే. డెబియన్ సర్వర్‌కు మారుస్తుంటే డిస్కులో రాయనివ్వడం లేదు. కాపీ చేస్తే కొన్ని ఫైళ్లకు పేరు మరీ పొడవంటోంది. ఒక కార్యకర్త మ్యాక్ నుంచి తెచ్చిన ఫైళ్లు కంటికి కనబడుతున్నా వెతికితే దొరకడం లేదు.
– మారతహళ్లి

జవాబు: ఇవి మూడు వేర్వేరు జబ్బులు.

రాయనివ్వకపోవడానికి కారణం విండోస్ ఫాస్ట్ స్టార్టప్. మామూలు షట్‌డౌన్ నిజానికి సగం నిద్ర. విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ ఇంకా తెరిచి ఉన్నట్టే గుర్తు మిగులుతుంది, లినక్స్ అది చూసి జాగ్రత్త పడుతుంది. డిస్కును మళ్లీ విండోస్‌కు తగిలించి, అడ్మిన్‌గా ‘పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్’, తర్వాత ‘చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్’, ఆపైన షట్‌డౌన్. బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోండి. లినక్స్‌లో ‘ఫోర్స్’ అని పెట్టి మౌంట్ చేసే సలహాలు నెట్‌లో బోలెడు. ఒకే ఒక్క కాపీ ఉన్న డిస్కు మీద వాటిని ప్రయత్నించకండి. అసలు రాయాల్సిన పనే లేదు: రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి, సర్వర్లో లినక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 వేసిన కొత్త డిస్కు మీదికి కాపీ చేసుకోండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కునే సర్వర్లో శాశ్వతంగా ఉంచమని మేం చెప్పం.

పేరు పొడవు గొడవ మన భాషకు ప్రత్యేకంగా తగిలేది. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో పేరు 255 అక్షర సంకేతాల దాకా ఉండొచ్చు. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లలో హద్దు 255 బైట్లు. ఇంగ్లీషు అక్షరం ఒక బైటు కాబట్టి వాళ్లకు తేడా తెలియదు. యూటీఎఫ్ 8లో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు, అంటే పేరు 85 సంకేతాల దగ్గర ఆగిపోతుంది. సంకేతమంటే కంటికి కనబడే అక్షరం కాదు. ‘లక్ష్మి’ చూడ్డానికి రెండక్షరాలే. లోపల ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి ఏడు సంకేతాలు, 21 బైట్లు. పుస్తకం పేరు, రచయిత, ముద్రణ, సంవత్సరం అన్నీ ఫైలు పేరులోనే కుక్కే అలవాటు ఉన్నచోట 85 ఇట్టే దాటుతుంది. కాపీకి ముందే విండోస్‌లో 80 దాటిన పేర్ల జాబితా తీసి, అక్కడే కుదించండి. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ అయితే అలాంటి ఫైలును వదిలేసి ముందుకు పోతుంది, చివర 23 అనే కోడ్ ఇస్తుంది. కాపీ పూర్తయిందని తెర మూసేసేవాళ్లు ఆ 23ని చూడరు.

మూడోది మ్యాక్. పాత హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కులు పేర్లలోని సంయుక్త సంకేతాలను విడగొట్టి దాస్తాయి. తెలుగులో అలా విడిపోయేది ఒక్కటే, ఐత్వం. మనం ‘చెన్నై’ అని టైపు చేస్తే ఐత్వం ఒకే సంకేతం. మ్యాక్ దాన్ని ఎత్వం, దాని కింద గుర్తు అని రెండుగా రాస్తుంది. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. లినక్స్ బైట్లను పోలుస్తుంది కాబట్టి దానికి అవి రెండు వేర్వేరు పేర్లు. ‘బెంగళూరు సభ’ దొరికి ‘చెన్నై సభ’ దొరకకపోవడం ఇందుకే. (కన్నడంలో ఈ, ఏ, ఐ, ఒ, ఓ గుణింతాలు అయిదూ విడిపోతాయి. మీ సంఘంలో కన్నడ పేర్లున్న ఫైళ్లూ ఉంటే నష్టం ఇంకా ఎక్కువ.) సర్వర్ మీద ఫైళ్ల పేర్లు మార్చే ‘కాన్వ్‌ఎంవీ’ వేసుకుని ‘-ఆర్’, ‘-ఎఫ్ యూటీఎఫ్8’, ‘-టీ యూటీఎఫ్8’, ‘--ఎన్‌ఎఫ్‌సీ’ ఇవ్వండి. ఊరికే నడిపితే ఏం మారుస్తుందో చూపిస్తుందంతే. జాబితా చదివి తృప్తిపడ్డాక ‘--నోటెస్ట్’ జోడిస్తే నిజంగా మారుస్తుంది. ఒకే ఫోల్డర్లో రెండు రూపాల్లోనూ ఒకే పేరు ఉంటే ముందు ఆ రెండు ఫైళ్లూ ఒకటేనా అని తెరిచి చూసుకోండి. కార్యకర్త ఇకముందు కూడా మ్యాక్ నుంచే పంపేట్టయితే, ఆయన వైపు ఆర్‌సింక్‌లో ‘--ఐకాన్వ్’కు ‘యూటీఎఫ్-8-మ్యాక్, యూటీఎఫ్-8’ ఇవ్వమనండి. దారిలోనే సర్దుకుంటుంది.

ప్రశ్న: రెయిడ్ కార్డు (పలు డిస్కులను ఒకటిగా నడిపేది) నుంచి మరో కార్డుకు నాలుగు డిస్కులు మార్చాం. బూట్ అవుతూ ‘ఫారిన్ కాన్ఫిగరేషన్’ అంటోంది. ఏది నొక్కాలి?
– వైట్‌ఫీల్డ్

జవాబు: ఇంపోర్ట్. క్లియర్ నొక్కితే డిస్కుల మీది రెయిడ్ వివరాలు పోతాయి. దానికి ముందు నాలుగూ కనబడుతున్నాయా చూడండి. మూడే కనబడితే పవర్ ఆపి నాలుగోది సరిగ్గా బిగించి మళ్లీ రండి. రెండు కార్డులూ ఒకే తయారీ కుటుంబానివి అయితేనే ఇది పనిచేస్తుంది. ఎస్.పి. రోడ్డులో చవగ్గా దొరికే సెకండ్ హ్యాండ్ ఎస్‌ఏఎస్ (సర్వర్ రకం) డిస్కుల గురించి కూడా అడిగారు. స్టోరేజ్ బాక్సుల్లోంచి తీసినవాటిలో కొన్ని 520 బైట్ల సెక్టార్లతో ఉంటాయి. మామూలు సర్వర్లో డిస్కు కనబడుతుంది, సైజు సున్నా అంటుంది. ‘ఎస్‌జీ_ఫార్మాట్’తో 512కు మార్చుకోవచ్చు. గంటలు పడుతుంది, అందులో ఉన్నదంతా పోతుంది.

ప్రశ్న: 10 టీబీని చెన్నై ఆఫీసుకు నెట్ మీద పంపడమా, డిస్కు పంపడమా?
– బీటీఎం లేఅవుట్

జవాబు: 100 ఎంబీపీఎస్ లైన్‌లో సెకనుకు 12 ఎంబీ వస్తుందనుకుంటే తొమ్మిదిన్నర రోజులు. ఒక జీబీపీఎస్‌లో 110 ఎంబీ లెక్కన 25 గంటలు. మొదటి లైనే ఉంటే డిస్కు పంపండి, అసలు కాదు, కాపీ. పంపే ముందు ‘షా256సమ్’ (ఫైళ్ల వేలిముద్రల్లాంటి సంకేతాల) జాబితా తీసి మెయిల్‌లో పంపితే అక్కడ సరిచూసుకుంటారు. ఎన్‌క్రిప్ట్ చేసి పంపండి, పాస్‌వర్డ్ ఆ పెట్టెలో పెట్టకండి.

ప్రశ్న: అన్నీ మారాక పాత డిస్కులు ఎప్పుడు అమ్మేయొచ్చు?
– పీణ్య నుంచే మరొకరు

జవాబు: ఒక నెల ముగింపు లెక్కలు కొత్త సర్వర్లో పూర్తయి, కొత్త సర్వర్ బ్యాకప్ నుంచి ఒక ఫోల్డర్‌ను నిజంగా రీస్టోర్ చేసి చూశాక. అమ్మే ముందు ‘వైప్‌ఎఫ్‌ఎస్ -ఏ’ సరిపోదు. అది గుర్తింపు ముద్రలే చెరుపుతుంది, ఫైళ్లన్నీ లోపలే ఉంటాయి. తిరిగే డిస్కయితే డిస్కంతా చెరిపే ‘ఎన్‌వైప్’ ఒక్క విడత చాలు. 4 టీబీ డిస్కుకు సెకనుకు 150 ఎంబీ చొప్పున ఏడున్నర గంటలు పడుతుంది, సాయంత్రం పెట్టి ఇంటికి వెళ్లొచ్చు.